నీలం తెర దాటాక...

మీ ఇంట్లోనో, చుట్టాల్లోనో 1995కీ 2015కీ మధ్య ఇంజినీరింగో, ఎంసీఏనో, బీఎస్సీ కంప్యూటర్సో చదివినవాళ్లు ఒక్కరైనా ఉంటారు. వాళ్ల దగ్గరికెళ్లి 'కంట్రోల్ ఎఫ్ నైన్' అని ఊరికే అనండి. మొహంలో ఒక నవ్వు మొలుస్తుంది. 'వాయిడ్ మెయిన్, క్లియర్ స్క్రీన్, గెట్ సీహెచ్' అని సంధ్యావందనంలా అప్పజెప్పేస్తారు. ఆ వెంటనే 'అబ్బ... ఆ నీలం తెర!' అంటారు.

ఆ నీలం తెర పేరు టర్బో సి. కంప్యూటర్ వాసన తగలనివారి కోసం రెండు ముక్కల్లో చెబుతాను. మనం రాసిన ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చిపెట్టేదాన్ని కంపైలర్ అంటారు. ప్రోగ్రాం రాసుకునే చోటు, దాన్ని మార్చే కంపైలర్, తప్పు ఎక్కడుందో వెతికిపెట్టే పనిముట్టు... ఈ మూడింటినీ ఒకే పెట్టెలో సర్ది బోర్లాండ్ అనే అమెరికా కంపెనీ అమ్మిన సరుకే టర్బో సి. మన తెలుగునాట లక్షలమంది ప్రోగ్రామింగ్‌కు ఓనమాలు దిద్దుకున్న పలక అదే.

నేను ఆ పలక మీద దిద్దించిన పంతుళ్లలో ఒకణ్ని. ఊరు గుంటూరు జిల్లా ప్రత్తిపాడు. పేరులోనే పత్తి ఉన్న ఊరు. గుంటూరు నుంచి పర్చూరు వెళ్లే దారిలో వస్తుంది. చుట్టూ నల్లరేగడి, ఒక పక్క పత్తి, ఒక పక్క మిర్చి. బస్టాండుకు దగ్గర్లో ఒక మేడ మీద మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పన్నెండు కంప్యూటర్లు, రెండు ఫ్యాన్లు, ఒక నల్లబల్ల. గొట్టిపాడు, నడింపాలెం, యనమదల నుంచి పిల్లలు సైకిళ్ల మీదా ఆటోల్లోనూ వచ్చేవాళ్లు. ఫీజులకో సీజనుండేది. కాయ యార్డుకు వెళ్లి డబ్బు చేతికొస్తేనే వసూలు. అందాకా 'వచ్చేవారం ఇస్తాం మాస్టారూ' అనేమాటే రసీదు.

నేను 2003లో చేరేనాటికే పన్నెండు యంత్రాల్లోనూ టర్బో సి ఉంది. ఎవరు కొన్నారని అడగకండి. ఒకరి నుంచి ఒకరికి ఫ్లాపీల్లో, తర్వాత సీడీల్లో, ఆ తర్వాత పెన్‌డ్రైవుల్లో ఊళ్లు తిరిగిన కాపీ అది. మా ఒక్కచోటనే కాదు, చాలాచోట్ల అంతే. పిల్లలకు అది కొనాల్సిన వస్తువని కూడా తెలియదు. కంప్యూటర్‌కు మౌస్ ఉన్నట్టే టర్బో సి కూడా ఉంటుందని అనుకునేవాళ్లు.

దానిలో ఒక తమాషా ఉండేది. కొత్త ప్రోగ్రాం మొదలుపెడితే అదే ఒక పేరు పెట్టేది... 'నోనేమ్ జీరో జీరో' అని. అంటే 'పేరులేనిది' అన్నమాట. పేరు మార్చి దాచుకోమని ఎంత మొత్తుకున్నా సగంమంది అలాగే వదిలేసేవాళ్లు. పొద్దుటి బ్యాచ్ కుర్రాడి ప్రోగ్రాం మీద సాయంత్రం బ్యాచ్ అమ్మాయి ప్రోగ్రాం వచ్చి కూర్చునేది. పేరు పెట్టినా ఎనిమిది అక్షరాలు దాటకూడదు. డాస్ కాలంనాటి నియమం మరి.

కవలపిల్లల కథ

ఇక్కడ టర్బో సిని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. దాని పుట్టుక తెలిస్తే గౌరవమే కలుగుతుంది. 1983 నవంబరులో బోర్లాండ్ కంపెనీ టర్బో పాస్కల్ అనే కంపైలర్‌ని 49 డాలర్ల 95 సెంట్లకు అమ్మకానికి పెట్టింది. అప్పట్లో అలాంటివి వందల డాలర్లు పలికేవి. దాని లైసెన్సు కూడా సామాన్యుడికి అర్థమయ్యే భాషలో ఉండేది. 'దీన్ని ఒక పుస్తకంలా వాడుకో, ఎవరైనా చదవొచ్చు, ఏ గదికైనా తీసుకెళ్లొచ్చు, కానీ ఒకేసారి రెండుచోట్ల ఉండకూడదు' అని దాని సారాంశం. ఖరీదైన విద్యను మధ్యతరగతి ఇంటిదాకా తెచ్చిన ఘనత ఆ కంపెనీదే.

అదే 1983లో, దానికి రెండు నెలల ముందు, సెప్టెంబరు 27న, అమెరికాలోనే రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ ఒక ప్రకటన చేశాడు. అందరూ వాడుకోగలిగిన, విప్పి చూడగలిగిన, మార్చుకోగలిగిన, పక్కవాడికి పంచగలిగిన ఒక పూర్తి సాఫ్ట్‌వేర్ వ్యవస్థను తయారుచేస్తానన్నాడు. దానికి గ్నూ అని పేరు పెట్టాడు. ఒకరు ధర తగ్గించారు, ఇంకొకరు తాళమే తీసేశారు.

నాలుగేళ్లు గడిచాయి. 1987లో బోర్లాండ్ నుంచి టర్బో సి వచ్చింది. అదే 1987లో స్టాల్‌మన్ తన సి కంపైలర్ జీసీసీని విడుదల చేశాడు. ఒకే ఏడు పుట్టిన కవలలన్నమాట. తర్వాత ఏమైంది? మన కాలేజీల్లో వాడిన టర్బో సి ప్లస్ ప్లస్ 3.0 వెర్షన్ 1990ల తొలినాళ్లది. కంపెనీ చూపు వేరే సరుకుల మీదికి మళ్లింది. ఇది అక్కడే ఆగిపోయింది. 2008లో బోర్లాండ్ తన ప్రోగ్రామింగ్ పనిముట్ల విభాగాన్నే ఎంబార్కడెరో అనే కంపెనీకి అమ్మేసింది. సి ప్లస్ ప్లస్ భాషకు అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది 1998లో. అంటే మన పిల్లలు 2010లో నేర్చుకుంటున్నది, ఆ భాషకు ప్రమాణం ఏర్పడకముందు నాటి యాసన్నమాట!

ఆ రెండోవాడు జీసీసీ ఆగలేదు. ఎందుకంటే వాడి ప్రాణం ఒకరి చేతిలో లేదు. స్టాల్‌మన్ తర్వాత ఎందరో అందుకున్నారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టింది ఆ కంపైలర్‌తోనే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి అయిదువందల సూపర్ కంప్యూటర్లూ నడుస్తున్నది ఆ లినక్స్ మీదే.

'కాయ నేనిచ్చి, డబ్బులూ నేనే ఇయ్యాలా?'

ఇవన్నీ చదువుకున్న సంగతులు. మా మేడమీదికి మార్పు వచ్చింది మాత్రం ఒక మిర్చి లెక్క వల్ల.

2010 వేసవి. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం అయి సెలవులకొచ్చిన ఒకమ్మాయి మా దగ్గర సి కోర్సులో చేరింది. తండ్రి మిర్చి రైతు. పాఠంలో అందరూ చేసే 'రెండు అంకెల మొత్తం' కాకుండా ఇంటికి పనికొచ్చేదేదైనా చేద్దామని తనకు తానే అనుకుని, నాన్న యార్డులో అమ్మిన కాయకు లెక్కకట్టే ప్రోగ్రాం రాసింది. ఎన్ని టిక్కీలు, ఎంత తూకం, ఏం రేటు ఇస్తే మొత్తం చెప్పాలి. అందులోంచి కమీషన్, హమాలీ, లారీ బాడుగ తీసేయాలి. చక్కగా రాసింది. సాయంత్రం తీసుకెళ్లడానికొచ్చిన తండ్రిని కూర్చోబెట్టి నడిపి చూపించింది.

20 టిక్కీలు. టిక్కీకి 40 కిలోల లెక్కన ఎనిమిది క్వింటాళ్లు. క్వింటాలు అయిదు వేలు. నలభై వేలు రావాలి. నీలం తెర పక్కకు తప్పుకుంది, నల్ల తెర వచ్చింది. దానిమీద... మైనస్ 25,536!

ఆయన కళ్లద్దాలు సవరించుకుని చూసి, 'ఏందండీ మాస్టారూ ఇది? కాయ నేనిచ్చి, డబ్బులు గూడా నేనే ఇయ్యాలంటదా?' అన్నాడు. పన్నెండు కుర్చీలూ ఘొల్లుమన్నాయి. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. లెక్క సరిగ్గా రాసి కూడా తప్పు జవాబు వస్తే ఎవరికి నవ్వొస్తుంది?

ఎందుకలా వచ్చింది? టర్బో సి పుట్టిన కాలపు యంత్రాలకు తగ్గట్టు, మామూలు అంకెను దాచుకోవడానికి అది పదహారు గళ్లే ఇస్తుంది. ఆ గళ్లలో పట్టే అతిపెద్ద సంఖ్య 32,767. అది దాటితే పాతకాలం స్కూటర్ మీటరు గిర్రున తిరిగినట్టు తిరిగి మైనస్‌లోకి పోతుంది. నలభై వేలలోంచి 65,536 తీసేయండి, సరిగ్గా మైనస్ 25,536. దాన్ని 'లాంగ్' అని ప్రకటిస్తే సరిపోతుందని చెప్పాను. ఆ అమ్మాయి మార్చింది, నలభై వేలు వచ్చింది. ఆయన సంతోషించాడు.

ఇది ఆషామాషీ లెక్క కాదు సుమండీ! 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియాన్-5 రాకెట్ తొలి ప్రయాణంలోనే నలభై సెకన్లు తిరక్కుండా ఆకాశంలో పేలిపోయింది. పెద్ద సంఖ్యను పదహారు గళ్ల చోటులోకి కుక్కబోవడమే దానికి మూలకారణమని విచారణలో తేలింది. వాళ్లకు రాకెట్ పోయింది, మాకు మిర్చి డబ్బులు పోయాయి.

కానీ మర్నాడు ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. 'సార్, మా కాలేజీ సీనియర్ వాళ్ల ల్యాప్‌టాప్‌లో చేస్తే ముందు రాసిందే కరెక్టుగా వచ్చింది. అక్కడ నలభై వేలు, ఇక్కడ మైనస్. ఏది సి భాష?' ఆ సీనియర్ ల్యాప్‌టాప్‌లో ఉన్నది జీసీసీ. అక్కడ మామూలు అంకెకు ముప్ఫై రెండు గళ్లు. 214 కోట్ల పైచిలుకు దాకా పడుతుంది. మా మండలం మిర్చి మొత్తం ఒక్కరే అమ్మితే తప్ప ఇబ్బంది లేదు.

'ఏది సి భాష' అన్న ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పల్లెల్నుంచి వచ్చే ఈ పిల్లలు భాషను నేర్చుకుంటున్నారా, ఒక పాత కిటికీని బట్టీపడుతున్నారా? హైదరాబాదులోనో బెంగళూరులోనో ఇంటర్వ్యూకు వెళ్లి 'వాయిడ్ మెయిన్' అని రాస్తే ఎదుటివాళ్లు కనుబొమలు ఎగరేస్తారు. పట్నం పిల్లవాడికి సర్దుకునే అవకాశం ఉంటుంది. తెలుగు మీడియంలో చదివి, తొలిసారి ఏసీ గదిలో కూర్చున్న పిల్లకు ఆ ఒక్క చూపు చాలు, వచ్చింది కూడా మర్చిపోవడానికి.

పోస్టులో వచ్చిన సీడీ

అదే సమయానికి మా ఓనరు రెండు కొత్త కంప్యూటర్లు కొన్నాడు. వాటిలో 64 బిట్ల విండోస్ 7. టర్బో సి ఎక్కిస్తే 'ఇది ఇక్కడ నడవదు' అంది. నిజమే, 64 బిట్ల విండోస్ పాత 16 బిట్ల ప్రోగ్రాములను గడప దాటనివ్వదు. దానికో చిట్కా ఉంది... డాస్‌బాక్స్ అని పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాం ఒకటి వేసి, దాని లోపల టర్బో సి నడపడం. చాలా కాలేజీలు చేసిందీ అదే. ఇక్కడ గమ్మత్తేమిటంటే ఆ డాస్‌బాక్స్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే. యజమాని వదిలేసిన సరుకును బతికించి ఉంచిందీ పదిమందీ పంచుకున్న సాఫ్ట్‌వేరేనన్నమాట.

నేను ఓనరుతో 'ఇంత తిప్పలెందుకండీ, లినక్స్‌కు మారిపోదాం' అన్నాను. ఆయన మొదటి ప్రశ్న 'ఎంతవుద్ది?' అని. 'ఏమీ అవదు' అన్నాను. ఆయనకు అనుమానం పెరిగింది. 'ఊరికే ఎవడిస్తాడు మాస్టారూ? ఏదో మెలికుంటది చూడండి.'

ఆ రోజుల్లో ఉబుంటు అనే లినక్స్‌ను తయారుచేసే కెనానికల్ సంస్థ, అడిగినవారికి ప్రపంచంలో ఎక్కడికైనా సీడీలు ఉచితంగా పోస్టులో పంపేది. 2011 దాకా నడిచింది ఆ పథకం. నేను గుంటూరు నెట్ సెంటర్‌లో కూర్చుని చిరునామా రాశాను. కొన్ని వారాలకు పోస్ట్‌మ్యాన్ మేడెక్కి, 'ఫారిన్ నుంచి వచ్చింది, సంతకం పెట్టండి' అంటూ కవరిచ్చాడు. ఓనరు దాన్ని అటూ ఇటూ తిప్పి, స్టాంపులు చూసి, 'నిజంగానే ఊరికే పంపాడే!' అన్నాడు. మిగతా ప్యాకేజీలు గుంటూరు నుంచి పెన్‌డ్రైవ్‌లో మోసుకొచ్చాం. ఒక ఆదివారం కరెంటు ఉన్న గంటల్లో పన్నెండు యంత్రాలకూ ఎక్కించాం.

సోమవారం నాడు మొదలైంది అసలు కథ. పిల్లలు అలవాటుగా నాలుగు లైన్లు కొట్టి నడిపారు. 'కోనియో డాట్ హెచ్... అలాంటి ఫైలు లేదు' అని వచ్చింది. ఆ ఫైలు డాస్ కాలపు సరుకు, సి భాష ప్రమాణంలో లేనేలేదు. క్లియర్ స్క్రీన్ లేదు, గెట్ సీహెచ్ లేదు. బొమ్మలు గీసే గ్రాఫిక్స్ డాట్ హెచ్ లేదు. వాయిడ్ మెయిన్ అంటే 'మెయిన్ తిరిగిచ్చేది ఇంట్ కాదేంటి' అని హెచ్చరిక. సాయంత్రానికి ఒకడు 'సార్, దీనికి సి రాదు' అని తేల్చేశాడు.

తల్లిదండ్రుల్లో ఇంకో రకం గుబులు. 'మా వాడికి విండోసు నేర్పట్లేదంట గదా, ఉద్యోగం ఎట్టొస్తది?' అని ఒకాయన నిలదీశాడు. 'పక్కూళ్లో నీలం రంగులో వస్తదంట, మీకు రంగు రాదా?' అని ఇంకొకావిడ. ఓనరు నావైపు చూసేవాడు. నేను నల్లబల్ల వైపు చూసేవాణ్ని.

అన్నిటికంటే కష్టమైంది పరీక్షలతో. మా దగ్గర నేర్చుకున్న ఒక కుర్రాడు తన కాలేజీ ల్యాబ్ పరీక్షలో 'ఇంట్ మెయిన్' అని రాసి, గెట్ సీహెచ్ లేకుండా ప్రోగ్రాం ఇచ్చాడు. 'గెట్ సీహెచ్ లేకుండా అవుట్‌పుట్ ఎట్లా కనిపిస్తుంది?' అని రెండు మార్కులు తగ్గించారు. వాడు వచ్చి 'మీరు చెప్పిందే రాశాను సార్' అన్నప్పుడు గొంతు బరువెక్కింది. రెండు మార్కులు మనకు చిన్నవి. స్కాలర్‌షిప్ కోసం చూసే ఇంట్లో చిన్నవి కావు. అప్పట్నుంచి నోటు పుస్తకంలో మధ్యకు గీత కొట్టించాను. ఎడమవైపు ప్రమాణం ప్రకారం సి, కుడివైపు పరీక్ష హాలు సి. ఏది ఎందుకో తెలిసి రాయమన్నాను. రెండు భాషలున్న ఇంట్లో పెరిగిన పిల్లల్లా కొద్ది వారాల్లోనే వాళ్లకు రెండూ వచ్చేశాయి.

మూత తీసి చూస్తే...

పోయినవేమిటో కూడా చెప్పాలి. టర్బో సిలో ఏ మాట మీద కర్సర్ పెట్టి కంట్రోల్ ఎఫ్ వన్ నొక్కినా అర్థం, ఉదాహరణ అక్కడికక్కడే వచ్చేవి. నెట్ లేని పల్లెటూళ్లో అంత మంచి గురువు దొరకడం కష్టం. గ్రాఫిక్స్‌తో పిల్లలు కారు బొమ్మ గీసి తెర మీద పరుగెత్తించేవాళ్లు. ఆ సరదా పోయింది. మా పాత ప్రింటరు లినక్స్‌తో నెల రోజులు అలిగి కూర్చుంది. మారడమంటే ఇవన్నీ భరించడమే.

మరి వచ్చిందేమిటి? ఆ మిర్చి అమ్మాయే మళ్లీ చెప్పాలి. తన లెక్క ప్రోగ్రాంని తెలుగులో రాయాలనుకుంది. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది. లినక్స్‌లో ప్రోగ్రాం మధ్యలోనే తెలుగు టైపు చేయొచ్చు. 'మొత్తం', 'హమాలీ', 'చేతికి వచ్చేది' అని రాసి నడిపింది. టెర్మినల్ తెర మీద ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపించాయి. కానీ అదే ఫలితాన్ని ఫైల్లోకి రాయించి ఎడిటర్లో తెరిస్తే తెలుగు చక్కగా వచ్చింది. ప్రింటరు అలక తీరాక ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లింది. కమీషన్ దుకాణం వాళ్లిచ్చిన చీటీ పక్కన పెట్టి వాళ్ల నాన్న పద్దు పద్దుకూ సరిచూసుకున్నాడట.

అక్కడితో ఆగలేదు. 'మిర్చి' అనే మాటకు ఎన్ని అక్షరాలో కంప్యూటర్‌నే అడిగింది. దానికి స్ట్రెలెన్ అనే ఫంక్షన్ ఉంది. మన కంటికి రెండక్షరాలు. అది 18 అంది! తరగతి మొత్తం తలలు పట్టుకుంది. విప్పి చూశాం. మ, గుడి, ర, పొల్లు, చ, మళ్లీ గుడి... మొత్తం ఆరు గుర్తులు. ఒక్కో తెలుగు గుర్తుకు మూడేసి బైట్లు. ఆరు మూళ్లు పద్దెనిమిది. ఏ పుస్తకంలోనూ అంత బాగా చెప్పని పాఠం ఆ పూట మాకు దొరికింది.

'అసలు స్ట్రెలెన్ లోపల ఎట్లా లెక్కపెడుతుంది సార్?' అన్నాడొకడు. టర్బో సి కాలంలో ఆ ప్రశ్నకు నా దగ్గర ఒకటే జవాబు... 'అది కంపెనీ వాళ్లకే తెలుసు'. ఇప్పుడు లినక్స్ కెర్నెల్ మూలాన్నే తెరిచి, అందులో స్ట్రెలెన్ ఉన్న చోటు చూపించాను. మొదటి అక్షరం దగ్గర మొదలుపెట్టి సున్నా వచ్చేదాకా నడుచుకుంటూ పోవడం, నడిచినంత మేర కొలిచి చెప్పడం. నాలుగైదు లైన్లు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీ నుంచి 'సార్... ఇది మనం పరీక్షలో రాసేదే గదా!' అని వినిపించింది.

ప్రపంచం మొత్తం వాడుతున్న సాఫ్ట్‌వేర్ లోపల తాము రాసేలాంటి కోడే ఉందని ప్రత్తిపాడు పిల్లలు కళ్లారా చూసిన క్షణమది. వాళ్లు కూర్చునే తీరే మారిపోయింది.

విత్తనం ఎవరి దగ్గరుంది?

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటని రైతులు అడిగితే నేను విత్తనం సంగతి చెప్పేవాణ్ని. మా వైపు 334 మిర్చి ఎరగనివారు లేరు. గుంటూరు పక్కనున్న లాం ఫారం శాస్త్రవేత్తలు రూపొందించిన రకం అది. మంచి చెట్టు చూసి, మంచి కాయ ఏరి, ఎండబెట్టి విత్తనం దాచుకుంటే పై ఏడు మళ్లీ వేసుకోవచ్చు. తోడల్లుడికి దోసెడు పంచొచ్చు. హైబ్రిడ్ పత్తి అట్లా కాదు. ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. దాచి వేస్తే ఆ పంట రాదు. 2006లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం బీటీ పత్తి విత్తనం మీద రాయల్టీ మరీ ఎక్కువని ఎంఆర్‌టీపీ కమిషన్ దాకా వెళ్తే, 450 గ్రాముల ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది. పత్తి రైతులకు ఆ ఏడు బాగా గుర్తు.

హైబ్రిడ్‌కు దిగుబడి లేదని ఎవరూ అనరు. టర్బో సి కూడా తన కాలంలో మంచి దిగుబడే ఇచ్చింది. కానీ విత్తనం ఎవరి దగ్గరుంటే వచ్చే ఏడాది వాళ్ల చేతిలో ఉంటుంది. ఈ సంగతి మా రైతులకు నేను చెప్పాల్సిన పనిలేదు. ప్రోగ్రాం మూలమే దాని విత్తనం అంటే చాలు, మిగతాది వాళ్లే నాకు చెప్పేవాళ్లు. ఊరికే ఇస్తున్నారంటే మెలికుంటుందన్న మా ఓనరుకు కూడా చివరికి అర్థమైంది ఈ లెక్కలోనే.

ఇంగ్లిష్‌లో 'ఫ్రీ' అంటే ఉచితమా, స్వేచ్ఛా అని తికమక ఉంది. మన భాషకు ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో ఈ ఉద్యమం నడిపినవారు తమ సంస్థకూ, 2005లో తెచ్చిన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌కూ 'స్వేచ్ఛ' అనే పేరే పెట్టుకున్నారు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటర్ పాఠాలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఐఐటీ బొంబాయి వారి 'స్పోకెన్ ట్యుటోరియల్' పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి. అందులో సి, సి ప్లస్ ప్లస్ పాఠాలు లినక్స్‌లో జీసీసీ మీదే చెబుతారు. ఆ తర్వాతి ఏళ్లలో మా మేడ మీద నెట్ వచ్చాక, నేను సెలవు పెట్టిన రోజుల్లో నా కుర్చీలో కూర్చున్న మాస్టారు అవే.

ఇప్పుడు ఆ ఇన్‌స్టిట్యూట్ లేదు. ఆ గదుల్లో సెల్‌ఫోన్ల దుకాణం. పిల్లలకు కంపైలర్ ఎక్కించుకునే పనే లేదు. ఫోన్లోనే వెబ్‌సైట్ తెరిచి ప్రోగ్రాం నడిపేస్తున్నారు. 'మిర్చి లెక్క కట్టే ప్రోగ్రాం రాసిపెట్టు' అని కృత్రిమ మేధను అడిగితే నిమిషంలో రాసిస్తోంది. గుంటూరులో ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు మొన్న అదే చూపించాడు. నాకు అసూయ కలగలేదంటే అబద్ధం.

కానీ వాణ్ని మూడు ప్రశ్నలు అడిగాను. ఈ వెబ్‌సైట్ వాళ్లు రేపు తలుపేసుకుంటే నీ ప్రోగ్రాం నీ దగ్గర ఉంటుందా? వాళ్లు ధర పెంచితే నువ్వు ఇంకోచోటికి మారగలవా? ఇది తప్పు జవాబు ఇస్తే లోపలికి తొంగిచూసి ఎందుకో తెలుసుకోగలవా? వాడు ఫోను పక్కనబెట్టి కాసేపు ఆలోచించాడు. 'మొదటిదానికి అవును మావయ్యా, ఫైలు దించి పెట్టుకున్నా. రెండోది చూడాలి. మూడోది... తెలీదు' అన్నాడు.

ఫర్వాలేదు, మంచి మొదలే అన్నాను. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఏదో ఒక తెర ముందు కూర్చునే ఉంటారు. దాని రంగు ఏదైనా, ఈ మూడు ప్రశ్నలూ వాళ్లనూ ఒకసారి అడిగి చూడండి.